గుర్తింపు కీలో దొరకని బదనిక కందిరీగ: కొత్త జాతి అని ఎప్పుడు అనొచ్చు, ఎలా వర్ణించాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరు యలహంకలో ఉంటున్న ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని మేడ మీద కుండీలో ఉన్న కరివేపాకు మొక్క నుంచి నిమ్మ సీతాకోకచిలుక (పాపిలియో డెమోలియస్) పురుగుల్ని తీసి పెంచారు. కొన్ని పురుగుల్లోంచి సీతాకోకలకు బదులు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు నల్ల కందిరీగలు గుంపుగా వచ్చాయి. ఇలా పిల్ల దశలో వేరే పురుగు లోపల పెరిగి దాన్ని చంపేవాటినే బదనిక కందిరీగలు అంటాం. కోటీసియా ప్రజాతి కీలో, అంటే లక్షణాలను ఒక్కొక్కటిగా చూస్తూ జాతి పేరు తేల్చే పట్టికలో, ఏ జాతికీ సరిపోలేదు. డీఎన్ఏ బార్‌కోడ్ (జాతిని గుర్తించడానికి మైటోకాండ్రియాలోని ఒక చిన్న జన్యు భాగాన్ని చదవడం) చేయిస్తే, అలాంటి బార్‌కోడ్‌లు దాచే బోల్డ్ డేటాబేస్‌లో ఉన్న అతి దగ్గరి దానికీ దీనికీ ఆరు శాతం తేడా వచ్చింది. ఇది కొత్త జాతేనా, అయితే ప్రకటించడానికి ఏం చేయాలి అని అడిగారు.

కొత్తది అయ్యే అవకాశం నిజంగానే ఉంది. ఈ కందిరీగల ఉపకుటుంబం మైక్రోగాస్ట్రినేలో 2020లో వచ్చిన ప్రపంచ జాబితా ప్రకారం పేరున్న జాతులు దాదాపు 3,000. అసలు ఉన్నవి 17,000 నుంచి 46,000 దాకా ఉండొచ్చని 2013లో ఒక అంచనా వచ్చింది. కోస్టారికాలోని గ్వానాకాస్తే అడవుల్లో గొంగళిపురుగుల్ని పెంచి తీసిన ఈ రకం కందిరీగల మీద 2008లో అచ్చయిన అధ్యయనంలో రూపాన్ని బట్టి 171 జాతులు తేలితే, బార్‌కోడ్ చూశాక మరో 142 బయటపడ్డాయి. వాటిలో నూటికి తొంభై ఐదు పేరు లేనివే. ఉష్ణమండలంలో పేరు లేని బదనిక కందిరీగ దొరకడం మామూలు విషయం. కష్టమంతా అది పాత పేర్లలో ఏదీ కాదని చూపించడంలో ఉంది. మీ దగ్గరున్న రెండు ఆధారాలూ ఆ పని ఇంకా చేయలేదు.

ముందు కీ సంగతి. మీరు వాడిన కీ ఏ ప్రాంతానిదో చూడండి. యూరప్‌కో చైనాకో రాసిన కీలో దక్కను జాతి దొరక్కపోవడం సహజం. కోటీసియా కీ అంటే అది కోటీసియానే అన్న నమ్మకంతో మొదలుపెట్టారన్నమాట, తప్పు ఎక్కువగా అక్కడే జరుగుతుంది. 1981 దాకా ఈ గుంపులో చాలా భాగం అపాంటెలిస్ అనే ఒకే పెద్ద ప్రజాతి కింద ఉండేది. ఆ ఏడాది వర్గీకరణ శాస్త్రవేత్త మేసన్ దాన్ని ముక్కలు చేశాక కోటీసియా, గ్లిప్టపాంటెలిస్, డిస్టాట్రిక్స్, డోలికోజెనిడియా లాంటివి వేర్వేరు ప్రజాతులుగా స్థిరపడ్డాయి. అందుకే మన ప్రాంతపు జాతుల అసలు వర్ణనలు చాలావరకు అపాంటెలిస్ పేరుతోనే దొరుకుతాయి. విల్కిన్సన్ 1928లో రాసిన ఇండో-ఆస్ట్రేలియన్ అపాంటెలిస్ సమీక్ష, నిక్సన్ 1965, 1967 పత్రాలు చదవకుండా మన దేశపు మైక్రోగాస్ట్రినే మీద నిర్ణయం చెప్పకూడదు. పాతవాటిలో కొన్ని బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

మీ విషయంలో మొట్టమొదట చూడాల్సిన పేరు డిస్టాట్రిక్స్ పాపిలియోనిస్. పాత పేరు అపాంటెలిస్ పాపిలియోనిస్, వీరెక్ పెట్టింది. భారతదేశంలో పాపిలియో పురుగుల మీద దీని రికార్డులున్నాయి. మీరు కోటీసియా కీ మాత్రమే తిప్పి ఉంటే ఇది అందులో కనిపించే వీలే లేదు. కాబట్టి పక్క నుంచీ పై నుంచీ బాగా చూసి ప్రజాతిని మళ్ళీ తేల్చుకోండి. యాంటెన్నాలో మొత్తం 18 ఖండాలుంటే మైక్రోగాస్ట్రినే అని ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు. తర్వాత ప్రొపోడియం, అంటే నడుముకు సరిగ్గా ముందున్న పలక. కోటీసియాలో అది గరుకుగా ఉంటుంది, నడిమధ్య నిలువుగా ఒక గట్టు తరచూ కనిపిస్తుంది. పొట్ట మొదటి టెర్గైట్ (ఖండం పై పలక) వెనక్కి పోయేకొద్దీ వెడల్పవుతుంది. గ్లిప్టపాంటెలిస్‌లో ప్రొపోడియం సాధారణంగా నునుపు, నిలువు గట్టు ఉండదు, మొదటి టెర్గైట్ వెనక్కి సన్నబడుతుంది. డిస్టాట్రిక్స్‌లోనూ మొదటి టెర్గైట్ వెనక్కి సన్నబడేదే. అపాంటెలిస్ అసలు అర్థంలో అయితే గుడ్లు పెట్టే సూది పొడవు, పొట్ట చివర అడుగు పలక హైపోపీజియం మీద నిలువు మడతలు. ఈ ఒక్క మొదటి టెర్గైట్ ఆకారం సరిగ్గా చూస్తే సగం గందరగోళం పోతుంది.

ఇక బార్‌కోడ్. ఆరు శాతం తేడా అంటే డేటాబేస్‌లో ఉన్నవాటికి దూరం అని మాత్రమే అర్థం. 1928లో వర్ణించిన జాతికి ఎవరూ బార్‌కోడ్ చేయకపోతే, అదే జాతిని మీరు ఈరోజు పెంచి తీసినా ఇంతే దూరం చూపిస్తుంది. దక్షిణ భారత జాతుల్లో సీక్వెన్సు, అంటే చదివిన డీఎన్ఏ అక్షరాల వరుస, ఉన్నవి కొన్నే. కాబట్టి సరిపోలిక లేదన్న మాటకు ఈ గుంపులో బరువు తక్కువ. ఆ సీక్వెన్సు కందిరీగదేనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 ప్రైమర్లు (బార్‌కోడ్ భాగాన్ని పట్టుకుని నకళ్ళు తీయడానికి వాడే డీఎన్ఏ ముక్కలు) దాదాపు ఏ కీటకాన్నైనా పట్టుకుంటాయి, గొంగళిపురుగు కణజాలాన్నీ పట్టుకుంటాయి. కందిరీగలోని వోల్బాకియా బ్యాక్టీరియా జన్యువును కూడా ఒక్కోసారి పెంచేస్తాయి. 658 బేసుల సీక్వెన్సును అకశేరుక మైటోకాండ్రియా కోడ్‌తో, అంటే ఐదో నంబరు పట్టికతో, ప్రోటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ అక్కడితో ఆగాలనే సంకేతం) వస్తే అది కేంద్రకంలో ఇరుక్కున్న నకలు కావచ్చు, పక్కన పెట్టాల్సిందే. రెండు దిశల్లోనూ చదివించండి. కనీసం మూడు నాలుగు వేర్వేరు పురుగుల నుంచి వచ్చిన కందిరీగలకు చేయించండి. వీలైతే కేంద్రకంలోని 28ఎస్ జన్యువు డీ2 భాగం కూడా కలపండి. వోల్బాకియా సోకిన గుంపుల్లో మైటోకాండ్రియా ఒక్కటే చెప్పే కథ తప్పుదారి పట్టించొచ్చు.

పెంచి తీయడంలోని వివరాలు ఇంకా ముఖ్యం, ఎందుకంటే తర్వాత వీటిని సరిదిద్దలేం. ఒక డబ్బాలో ఒకే పురుగు. పావు లీటరు ప్లాస్టిక్ డబ్బా, అడుగున టిష్యూ కాగితం, పైన మల్లు గుడ్డ, రబ్బరు బ్యాండు. కరివేపాకు రెమ్మ కాడకు తడి దూది చుట్టి పెట్టండి, దూది నుంచి నీరు కారకూడదు. పెంట రోజూ తీయండి. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు తేమలో రెండు రోజులు వదిలేస్తే బూజు పట్టి కందిరీగ పిల్లలు అల్లిన గూళ్ళు పోతాయి. ప్రతి డబ్బాకూ ఒక నంబరు. అదే నంబరు పురుగు ఫోటోకి, గూళ్ళకి, పిన్నుకి, డీఎన్ఏ ట్యూబుకి. ఈ నంబరు గొలుసు ఎక్కడ తెగినా, ఈ కందిరీగ ఈ పురుగు నుంచి వచ్చింది అనే వాక్యం రాయడానికి మీకు హక్కుండదు.

అతిథేయి, అంటే కందిరీగ ఏ పురుగులో పెరిగిందో దాని పేరు గురించి కూడా జాగ్రత్త. పాపిలియో డెమోలియస్, పాపిలియో పాలిటిస్ రెండూ కరివేపాకు తింటాయి. చిన్న దశల్లో రెండింటి పురుగులూ పిట్ట రెట్టలాగే ఉంటాయి, ఆకుపచ్చ రంగు వచ్చిన చివరి దశలోనే సులభంగా వేరు చేయగలం. బదనిక పడిన పురుగు ఆ దశకు రాకముందే చచ్చిపోవచ్చు. అలాంటప్పుడు పక్క ఆకు మీది పురుగు డెమోలియస్‌గా మారింది కాబట్టి ఇదీ అదే అనడం ఊహే అవుతుంది. చచ్చిన పురుగు తోలును పారేయకుండా ఆల్కహాల్లో దాచి దానికీ బార్‌కోడ్ చేయించండి. ఎండిన తలతొడుగును, ఖాళీ గూళ్ళను జెలటిన్ క్యాప్సూల్‌లో పెట్టి అదే పిన్నుకు గుచ్చండి.

గూళ్ళు కట్టిన వెంటనే వాటిని విడివిడిగా జెలటిన్ క్యాప్సూళ్ళలోకి మార్చండి. గుంపుగా వదిలేస్తే వచ్చిన కందిరీగల్లో ఏది ఏ గూటిలోంచి వచ్చిందో తెలీదు. బదనిక మీద బదనికలు ఈ గుంపులో చాలా సాధారణం. మెసోకోరస్ లాంటివి పురుగు బతికుండగానే లోపలున్న కందిరీగ పిల్ల మీద గుడ్డు పెడతాయి. ఇక్నుమోనిడ్లు, యూలోఫిడ్లు, టెరోమాలిడ్లు అనే ఇతర కందిరీగ కుటుంబాల్లో కొన్ని గూడు కట్టాక వచ్చి గుడ్డు పెడతాయి. అందుకే మొక్క మీదే గూళ్ళను ఒక రోజు ఎక్కువ ఉంచినా వాటి సంఖ్య పెరుగుతుంది. గూటిని పది రెట్లు పెద్దది చేసి చూస్తే ఒక ఆనవాలు దొరుకుతుంది. అసలు మైక్రోగాస్ట్రినే అయితే గూటి చివర గుండ్రంగా మూతలా కోసుకుని బయటికొస్తుంది, ఒక్కోసారి ఆ మూత అంచుకు అతుక్కునే ఉంటుంది. బదనిక మీది బదనిక అయితే రంధ్రం అంచు అక్రమంగా, కొరికినట్టు ఉంటుంది, తరచూ పక్కన. ఈ తేడాను నోట్సులో రాసుకోండి. ఆకుపచ్చ లోహపు మెరుపుతో ఉండి రెక్కలో ఈనెలు దాదాపు లేకపోతే అది కాల్సిడ్ అనే వేరే గుంపుది, మీరు వెతికే కందిరీగ కాదు. మైక్రోగాస్ట్రినే ముందు రెక్కలో ముదురు రంగు టెరోస్టిగ్మా (ముందంచు మీది మచ్చ), చుట్టూ స్పష్టమైన ఈనెలు ఉంటాయి.

బయటికొచ్చిన కందిరీగను వెంటనే చంపకండి. రెక్కలు గట్టిపడి రంగు నిలవడానికి ఒక రోజు ఆగండి, దూది మీద తేనె నీటి చుక్క చాలు. తొందరపడి చంపినవి పాలిపోయి, పొట్ట ముడుచుకుని ఉంటాయి. ఆ పాలిపోయిన కాళ్ళ రంగే వర్ణనలోకి ఎక్కి, తర్వాత వచ్చినవాళ్ళను ఏళ్ళ తరబడి తికమక పెడుతుంది.

ఒక పురుగు నుంచి ముప్పై కందిరీగలు వస్తే ముప్పై నమూనాలు ఉన్నాయని లెక్కేయకండి. అవి ఒకే తల్లి బిడ్డలు కావచ్చు. జాతిలో ఉండే వైవిధ్యం వాటిలో కనిపించదు. వేర్వేరు పురుగుల నుంచి, వీలైతే వేర్వేరు పేటల నుంచి, వేర్వేరు కాలాల నుంచి తీయండి. యలహంక మేడ మీద ఒకటి, హెబ్బాళ్‌లో ఒకటి, నగరం దక్షిణాన మరొకటి అయితే మాట గట్టిపడుతుంది. ఒకే పురుగులో ఎక్కువ పిల్లలు పెరిగితే ఒక్కోదానికీ తిండి తగ్గి సైజు తగ్గుతుంది, కాబట్టి శరీరం పొడవు జాతి లక్షణంగా పనికిరాదు. చలి నెలల్లో వచ్చినవి రంగు ముదరొచ్చు. ఒక గుంపులో అన్నీ మగవే వస్తే కంగారు పడొద్దు, తల్లి జతకట్టకుండా గుడ్లు పెట్టి ఉండొచ్చు, ఈ కీటకాల్లో ఫలదీకరణం కాని గుడ్డు మగ అవుతుంది. కానీ మగవాటితో వర్ణన రాయకండి. ఆ హైపోపీజియం లక్షణాలు, గుడ్లు పెట్టే సూది ఆడవాటికే ఉంటాయి, పాత వర్ణనలతో పోల్చడానికి అవే కావాలి. వేర్వేరు గుంపుల నుంచి పది ఆడ, ఐదారు మగ నమూనాలు పని మొదలుపెట్టడానికి సరిపోతాయి.

డీఎన్ఏ కోసం కొన్నింటిని 95 శాతం ఇథనాల్‌లో వేసి ఫ్రీజర్లో పెట్టండి. ఇథనాల్ విడిగా కొనడం కష్టం, కాలేజీ స్టోరు ద్వారా తెప్పించుకోండి. డీనేచర్డ్ స్పిరిట్ వాడకండి. గాఢ ఇథనాల్‌లో ఉన్నవి పెళుసవుతాయి, యాంటెన్నా పట్టుకుంటే ఊడుతుంది, అందుకే ముట్టుకునేది కాళ్ళ దగ్గరే, అదీ మెత్తటి కుంచెతో. ఆల్కహాల్ నుంచి తీసి నేరుగా గాలికి ఆరబెడితే కళ్ళు, పొట్ట లోపలికి కుంగిపోతాయి. వంద శాతం ఇథనాల్‌లో రెండుసార్లు మార్చి, తర్వాత హెచ్‌ఎండీఎస్‌ అనే ఆరబెట్టే రసాయనంలో అరగంట ఉంచి, ఫ్యూమ్ హుడ్ కింద ఆవిరైపోనివ్వాలి. ఆ ద్రవం విషం, ఇంట్లో చేసే పని కాదు. కందిరీగను నాశనం చేయకుండా డీఎన్ఏ తీయొచ్చు కూడా. మొత్తం కీటకాన్ని ప్రొటీనేజ్ కే (ప్రోటీన్లను కరిగించే ఎంజైము) ఉన్న ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నానబెట్టి, కడిగి, పై పద్ధతిలో ఆరబెడితే బయటి తొడుగు చెక్కుచెదరదు. హోలోటైప్‌గా (జాతి పేరుకు ఆధారంగా నిలిచే ఒకే నమూనాగా) పెట్టబోయే దాని మీద మాత్రం ఈ ప్రయోగాలు వద్దు. దాని తోబుట్టువు సీక్వెన్సు చాలు. తప్పదనుకుంటే కుడివైపు ఒక కాలు తీయండి, ఎడమవైపు పూర్తిగా ఉండనివ్వండి.

మౌంటు చేయడానికి స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు, రెండు లేదా మూడో నంబరు. మామూలు గుండుసూదులు వానాకాలంలో తుప్పు పట్టి కార్డును తినేస్తాయి. అవెన్యూ రోడ్డులో దొరికే మందపాటి బ్రిస్టల్ బోర్డును దాదాపు పది మిల్లీమీటర్ల సన్నటి త్రికోణాలుగా కోసి, కొనను కొంచెం కిందికి వంచి, కందిరీగ ఉరం కుడిపక్కకు అతికించండి. ఎడమపక్క, వీపు, ముఖం మూడూ కనపడాలి. జిగురు నీటిలో మళ్ళీ కరిగేది కావాలి. ఫెవిక్విక్ లాంటిది వాడితే తర్వాత ఎవరూ దాన్ని తిప్పి చూడలేరు. ప్రొపోడియం మీదికి, వెనక కాక్సా (కాలి మొదటి ఖండం) మీదికి జిగురు పాకితే ఆ నమూనా పోయినట్టే. పెట్టెలో నాఫ్తలీన్, సిలికా జెల్ ఉంచండి. చీమలూ, మ్యూజియం పెంకుపురుగులూ ఒక్క వారంలో పెట్టెను ఖాళీ చేయగలవు.

లేబులు మీద దేశం, రాష్ట్రం, ఊరు, పేట, నాలుగు దశాంశాల వరకు అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు (బెంగళూరులో సుమారు 900 మీటర్లు), పురుగు సేకరించిన తేదీ, కందిరీగ వెలువడిన తేదీ విడివిడిగా, అతిథేయి, మొక్క, సేకరించినవారి పేరు ఉండాలి. రెండు తేదీలూ కలిపేసి ఒకటే రాయడం చాలామంది చేసే పొరపాటు.

ఫోటోల కోసం ఖరీదైన స్టీరియో మైక్రోస్కోపు లేకపోతే పని ఆగదు. డీఎస్ఎల్ఆర్‌కు పది రెట్ల మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్ బిగించి, ఐదు నుంచి పది మైక్రోమీటర్ల అంగలతో పొరలు పొరలుగా తీసి హెలికాన్‌లోనో జెరీన్‌లోనో, అంటే పొరల ఫోటోలు కలిపే సాఫ్ట్‌వేర్‌లో, కలపొచ్చు. ఎస్పీ రోడ్డులో దొరికే ఎల్‌ఈడీ పట్టీలు చాలు. కందిరీగ చుట్టూ ట్రేసింగ్ కాగితం గొట్టం తప్పనిసరి. అది లేకపోతే నునుపైన పలక మీద వెలుగు మచ్చపడి, నునుపో గరుకో చెప్పలేం. ఈ గుంపులో జాతుల్ని వేరు చేసేది సగం ఆ నునుపూ గరుకులే. పక్క నుంచి పూర్తి కీటకం, ముఖం ముందు నుంచి, తల పై నుంచి, ఉరం పై నుంచి, ప్రొపోడియం విడిగా, పొట్ట మొదటి మూడు టెర్గైట్లు, ముందు వెనక రెక్కలు, హైపోపీజియం సూదితో సహా పక్క నుంచి, గూళ్ళు, లేబుళ్ళు కావాలి. ప్రతిదానికీ స్కేలు గీత. రెక్కల స్లైడు పారాటైప్ (హోలోటైప్‌తో పాటు వర్ణనలో చేర్చే వేరే నమూనా) నుంచి చేయండి.

పాత టైపు నమూనాలతో పోల్చడం దగ్గర చాలామంది ఆగిపోతారు. మన ప్రాంతపు మైక్రోగాస్ట్రినే టైపులు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో చాలా ఉన్నాయి. వీరెక్ వర్ణించినవాటిలో వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌లో ఉన్నవి ఉన్నాయి. దేశంలో కలకత్తాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ జెడ్‌ఎస్ఐ, కోళికోడ్‌లోని దాని ప్రాంతీయ కేంద్రం, ఢిల్లీ పూసాలోని జాతీయ సేకరణ, డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థ చూడాలి. టైపులు విద్యార్థి పేరు మీద పోస్టులో రావు. క్యూరేటరుకు జాతి అసలు పేరు, వర్ణించిన ఏడాది, ఏ కోణంలో ఏ భాగం కావాలో రాసి అడిగితే ఫోటోలు పంపే అవకాశం ఎక్కువ. దయచేసి ఫోటోలు పంపండి అని మాత్రం రాస్తే మీ ఉత్తరం చివర్లో పడుతుంది. మొదటి టెర్గైట్ పై నుంచి, వెనక కాక్సా పక్క నుంచి అని రాస్తే వాళ్ళకూ పని సులభం. యూఏఎస్, ఎన్‌బీఏఐఆర్, ఏట్రీ లాంటి బెంగళూరు పరిశోధనా సంస్థ ద్వారా రాయండి. హెబ్బాళ్ ఎన్‌బీఏఐఆర్ కీటక మ్యూజియం మీకు బస్సు దూరంలో ఉంది, పేరు పెట్టిన నమూనాలు అక్కడ ఎదురుగా పెట్టి చూడొచ్చు. పాత జాతుల సంఖ్య చూసి భయపడొద్దు. ప్రజాతి తేలాక, పాపిలియో మీదివి, దగ్గరి రూపం ఉన్నవి ఏరితే పోల్చాల్సిన పేర్లు కొద్దిగానే మిగులుతాయి. కానీ అతిథేయి వేరు అన్న ఒక్క కారణంతో ఏ పేరునూ కొట్టేయకండి. పాత అతిథేయి రికార్డుల్లో తప్పులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని పైన చెప్పిన బదనిక మీది బదనికల వల్ల వచ్చినవే. క్యాబేజీ డైమండ్ బ్యాక్ పురుగు మీద దశాబ్దాల పాటు కోటీసియా ప్లుటెల్లే అని పిలిచిన కందిరీగ, 1834లోనే హాలిడే వర్ణించిన కోటీసియా వెస్టాలిస్సే అని తర్వాత తేలింది. వందల పత్రాల్లో ఉన్న పేరు కూడా పాత టైపు ముందు నిలవలేదు.

ఇప్పుడు రాయడం. ఈ పనికి గుండె లాంటిది డయాగ్నోసిస్, అంటే దగ్గరి జాతుల నుంచి దీన్ని వేరు చేసే పది వరుసల పేరా. "నలుపు రంగు, కాళ్ళు పసుపు, రెక్కలు పారదర్శకం, ప్రొపోడియం గరుకు" అని రాస్తే అది వందల జాతులకు సరిపోతుంది. దేని నుంచి ఎలా వేరో చెప్పాలి. అంకెలు ఉదాహరణకే అనుకోండి: "ఫలానా జాతికి దగ్గరిది. దానిలో మొదటి టెర్గైట్ పొడవు వెనక అంచు వెడల్పుకు 1.1 నుంచి 1.2 రెట్లు, ఇందులో 1.5 నుంచి 1.6. దాని వెనక కాక్సా పైభాగం గరుకు, మెరుపు లేదు, దీనిది నునుపు, మెరుస్తుంది. దాని సూది తొడుగు వెనక టిబియాలో (కాలి పిక్క భాగంలో) సగం పొడవు, దీనిది పావు కన్నా తక్కువ." మీ నమూనా చూడని మనిషి ఈ మూడు వాక్యాలతో తన చేతిలోని కందిరీగ మీదో కాదో చెప్పగలగాలి. కొలతలన్నీ నిష్పత్తుల్లో ఇవ్వండి, హోలోటైప్ విలువ ముందు, మిగతావాటి అవధి బ్రాకెట్లో. ఐపీస్‌లోని మైక్రోమీటరును స్టేజ్ మైక్రోమీటరుతో ప్రతి మాగ్నిఫికేషన్‌లోనూ సరిచూసుకోండి. వర్ణన పొడవుగా ఉన్నా పర్వాలేదు, కానీ ప్రజాతి అంతటికీ ఒకేలా ఉండే లక్షణాలు, 18 యాంటెన్నా ఖండాల్లాంటివి, డయాగ్నోసిస్‌లో పెట్టి దాన్ని నింపకండి.

2021లో కోస్టారికా నుంచి ఒకే పత్రంలో 403 బ్రాకోనిడ్ (మైక్రోగాస్ట్రినే చేరే పెద్ద కుటుంబం) జాతుల్ని వర్ణించారు. చాలావాటికి డయాగ్నోసిస్ అంటే ప్రధానంగా బార్‌కోడ్ అక్షరాలే. జాతులు అంతరించేలోగా పేర్లు పెట్టాలన్న తొందర అర్థం చేసుకోదగ్గదే. దాని మీద వచ్చిన విమర్శలూ బలమైనవే. నా అభిప్రాయం మాత్రం స్పష్టం: మన దేశంలో కృష్ణా జిల్లాలోనో కోలారులోనో వ్యవసాయ కాలేజీలో సీక్వెన్సింగ్ డబ్బుల్లేని మనిషి కూడా మైక్రోస్కోపుతో గుర్తుపట్టేలా రాయాలి. బార్‌కోడ్ ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, కానీ మాటలకు బదులుగా ఇవ్వకండి. అంతర్జాతీయ జంతు నామకరణ కోడ్ 13వ నిబంధన కూడా వేరుచేసే లక్షణాలను మాటల్లో చెప్పమనే అడుగుతుంది.

అదే కోడ్ ప్రకారం 1999 తర్వాత అచ్చయ్యే పేరుకు ఇంకొన్ని షరతులున్నాయి. ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి. హోలోటైప్ ఏదో చెప్పాలి, అది ఏ సేకరణలో, ఏ ఊళ్ళో ఉందో లేక ఉండబోతుందో చెప్పాలి. ఆన్‌లైన్ పత్రికలో వస్తే అచ్చుకు ముందే జంతువుల పేర్ల అధికారిక పట్టిక జూబ్యాంక్‌లో నమోదు చేసి ఆ ఆధారం పత్రంలోనే కనిపించాలి, ఈ నియమం 2012 నుంచి ఉంది. సదస్సు సంగ్రహంలో వేసిన పేరు చెల్లదు. పత్రిక రాకముందు పేరును వార్తల్లోకీ వాట్సాప్ గుంపుల్లోకీ వదలకండి. పేరు పెట్టేటప్పుడు ప్రజాతి లింగం చూసుకోండి: కోటీసియా, డిస్టాట్రిక్స్ స్త్రీలింగం, గ్లిప్టపాంటెలిస్ పుంలింగం, విశేషణం దానికి తగ్గట్టు మారాలి. పాత అపాంటెలిస్ పేర్లు ఇప్పుడు పది ప్రజాతుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి కాబట్టి, అపాంటెలిస్ కింద ఎప్పుడైనా ఎవరైనా వాడిన పేరును మళ్ళీ వాడకపోవడమే క్షేమం.

చట్టం మాట. జీవవైవిధ్య చట్టం 2002, 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుక్కున్నవాళ్ళు ప్రభుత్వం గుర్తించిన రిపాజిటరీకి (నమూనాలు భద్రపరిచే సంస్థకు) తెలియజేసి వోచర్ (ఆధార) నమూనాలు అక్కడ ఇవ్వాలి. హోలోటైప్ మీ బీరువాలో ఉండకూడదు. మేడ మీది మొక్కకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, బన్నేరుఘట్టలాంటి రక్షిత అడవిలో అయితే అటవీ శాఖ అనుమతి ముందే ఉండాలి. విదేశీ నిపుణుడికి నమూనాలు పంపాలన్నా, విదేశీ సహరచయితతో పని చేయాలన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు ముందుగా చూడండి. చట్టాన్ని 2023లో సవరించారు, ఆ మార్పులు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, పాత ఫారాలు చూసి మోసపోకండి. ఫోటోలు, సీక్వెన్సులు పంపి అభిప్రాయం అడగడంతోనే చాలా సందేహాలు తీరతాయి.

పత్రిక విషయానికొస్తే, జూటాక్సాలో పేజీ రుసుము తప్పనిసరి కాదు, యూరోపియన్ జర్నల్ ఆఫ్ టాక్సానమీలో రచయితకూ పాఠకుడికీ ఖర్చు లేదు, కోయంబత్తూరు నుంచి వచ్చే జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా మనకు దగ్గరిది. ఒక్క జాతినే పంపితే, దక్షిణ భారతంలో ఆ ప్రజాతి జాతులకు ఒక చిన్న కీ కూడా కలపండి. సమీక్షకులు మొదట అడిగేది అదే, తర్వాత వాడేవాళ్ళకు ఎక్కువగా పనికొచ్చేదీ అదే.

ఇదంతా చేశాక అది డిస్టాట్రిక్స్ పాపిలియోనిస్ అనే తేలితే పని వృథా కాదు. నంబరు గొలుసుతో, పురుగు బార్‌కోడ్‌తో, గూళ్ళ ఫోటోలతో ఉన్న అతిథేయి రికార్డు, పాత పేరుకు సీక్వెన్సు జోడించడం అచ్చుకు తగిన విషయమే. తేల్చలేకపోతే ఫలానా జాతికి దగ్గరిది అని రాసి జీవవిషయం ప్రచురించండి, తొందరపడి పేరు పెట్టి తర్వాతివాళ్ళకు మరో పర్యాయపదం మిగల్చకండి. కొత్తదే అని తేలి పత్రం వస్తే, పారాటైపుల్ని కనీసం రెండు ఊళ్ళ మ్యూజియాల్లో పంచండి, ఒకచోట పెట్టె పాడైనా ఇంకోచోట ఉంటాయి. జెన్‌బ్యాంక్‌లోనూ బోల్డ్‌లోనూ మీ పాత ఎంట్రీల్లో జాతి పేరు లేకుండా ఉన్న రికార్డులను కొత్త పేరుతో, హోలోటైప్ పారాటైప్ నంబర్లతో మార్చండి. ఇది ఎవరూ గుర్తుచేయరు. మార్చకపోతే రేపు తిరుపతిలోనో రాయచూరులోనో ఇదే కందిరీగ దొరికినవారికి మళ్ళీ సరిపోలిక లేదన్న జవాబే వస్తుంది.